పండుగ రంగులు – పసిపిల్లల ఆరోగ్యం

క్రిస్మస్ దగ్గర పడిందంటే మన నర్సాపూర్‌లో చాలా ఇళ్ళలో గోడలకు సున్నాలు, తలుపులకు, కిటికీలకు కొత్త రంగులు వేయిస్తారు. ఇల్లు కళకళలాడుతుంది. మంచిదే. కాని కొత్త రంగుకు ముందు పాత రంగును గీకినప్పుడు లేచే దుమ్ము పిల్లలకు విషమని చాలామందికి తెలియదు.

ఆ దుమ్ములో ఏముంది?

పూర్వం ఆయిల్ పెయింట్లలో సీసం అనే లోహాన్ని కలిపేవారు. దానివల్ల రంగు త్వరగా ఆరేది, పసుపు, ఎరుపు రంగులు ముదురుగా ఉండేవి, ఇనుప గేట్లు తుప్పు పట్టేవి కావు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని మన దేశంలో 2016లో నియమాలు వచ్చాయి. అవి 2017 నవంబరు 1 నుండి అమలయ్యాయి. అంతకు ముందు వేసిన ఆయిల్ పెయింట్‌లో సీసం ఉండవచ్చునని అనుకొని జాగ్రత్తపడాలి. మామూలు సున్నంలో సీసం కలపరు. కనుక ముఖ్యంగా చూసుకోవలసినవి తలుపులు, కిటికీలు, గేట్లు.

పిల్లలకే ఎందుకు ఎక్కువ హాని?

పాకే పిల్లలు నేల మీద పెట్టిన చేతినే నోట్లో పెట్టుకుంటారు. కడుపులోకి వెళ్ళిన సీసాన్ని వారి శరీరం పెద్దలకంటే 4 నుండి 5 రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. రక్తహీనత, కడుపునొప్పి, మలబద్ధకం రావచ్చు. పైకి ఏ లక్షణమూ కనబడకుండానే మెదడు ఎదుగుదల దెబ్బతిని, పిల్లలు చదువులో వెనుకబడవచ్చు. ఆ నష్టాన్ని మందులతో పూడ్చలేము. గర్భిణి శరీరంలోని సీసం కడుపులోని బిడ్డకూ చేరుతుంది.

ఏమి చేయాలి?

1. పాత రంగు గట్టిగా ఉంటే గీకించకండి. దానిమీదే కొత్త రంగు వేయించండి.
2. పెచ్చులు లేచిన చోట నీళ్ళతో తడిపి గీకాలి. పొడిగా సాండ్ పేపర్‌తో రుద్దరాదు, మంటతో కాల్చరాదు.
3. పని పూర్తయ్యేవరకు పిల్లలను, గర్భిణులను వేరే ఇంట్లో ఉంచండి.
4. కింద ప్లాస్టిక్ పట్టా పరచి, పెచ్చులను మూటగట్టి తీసివేయండి. చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవండి.
5. రంగులు వేసేవారు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. పని బట్టలతో పిల్లలను ఎత్తుకోరాదు. ఆ బట్టలను విడిగా ఉతకాలి.
6. పిల్లలకు ఆకుకూరలు, పప్పు, పాలు, గుడ్లు పెట్టండి. ఇనుము, కాల్షియం తక్కువైన శరీరం సీసాన్ని మరింతగా పీల్చుకుంటుంది.

మీ బిడ్డ రంగు పెచ్చులు తింటున్నట్లు గమనిస్తే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. ఒంట్లో సీసం ఎంత ఉందో రక్తపరీక్షలో తెలుస్తుంది. కొత్త డబ్బా కొనేటప్పుడు సీసం గురించి దానిపై ఏమి రాశారో చదివి కొనండి.