సీసాలో సముద్రం

మా కాల్హేర్ పక్కనే ఖాడీ. ఆ నీరంతా చివరికి సముద్రానికే చేరుతుంది. ఆ సముద్రంలో ఆమ్లగుణం పెరుగుతోందని దసరాకు వచ్చిన మా మేనకోడలు చెప్పింది. విశాఖలో సముద్రశాస్త్రం చదువుతోంది.

మనం వదిలే బొగ్గుపులుసు వాయువులో దాదాపు నాలుగో వంతు సముద్రమే పీల్చుకుంటుందట. అందువల్ల ఒకప్పుడు సుమారు 8.2 ఉన్న పి.హెచ్. ఇప్పుడు 8.1 దాకా దిగింది.

"ఇంతేనా!" అన్నాను.

"అంటే ఆమ్లత్వం పావు వంతు పెరిగినట్టు మామయ్యా! ఆల్చిప్పలకు, పగడాలకు పెంకు కట్టుకోవడమే కష్టమవుతుంది" అంది.

నీరు పట్టడం బిందె ముంచినంత సులువు కాదు. మూతలు తెరిచిన సీసాలను ఓడ మీంచి తీగతో దింపి, కావలసిన లోతులో మూస్తారు. పైకొచ్చాక ఆ నీటిని గాలిబుడగ చేరకుండా, గాజుసీసాలోకి గొట్టంతో అడుగునుంచి నింపి పొర్లనిస్తారు. సూక్ష్మజీవులు లెక్క మార్చకుండా చిటికెడు మెర్క్యూరిక్ క్లోరైడ్ వేసి బిగిస్తారు.

జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ విశాఖ కేంద్రం శాస్త్రజ్ఞులు 1991, 2011 నాటి కొలతలను పోల్చారు. బంగాళాఖాతపు పశ్చిమ తీరంలో ఉత్తర భాగాన ఆమ్లత్వం మరింత వేగంగా పెరిగిందని, గాలి కాలుష్యమే అందుకు కారణమని తేల్చారు.

పాత లెడ్జరు లేనిదే నేటి నిల్వ తేలదని బ్యాంకు ఉద్యోగినైన నాకు తెలుసు. వచ్చే నెల మా మేనకోడలు ఓడెక్కుతోంది. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో తెరిచి చూడబోయే పద్దు రాయడానికి!