కొండవైపు, కడలివైపు

బాలిద్వీపమున త్రోవ యడిగినచో అచ్చటివారు ఉత్తర దక్షిణములకు బదులు 'కాజా', 'కెలోద్' అను రెండు మాటలు పలుకుదురు. కాజా యనగా కొండవైపు. కెలోద్ అనగా కడలివైపు. కొండలు దీవి నడుమ నుండుటచే దక్షిణపు టూళ్లలో కాజా ఉత్తరదిక్కు. ఉత్తరతీరమున అదియే దక్షిణదిక్కు. క్రొత్తవారికి ఈ లెక్క కొంత తికమకగా నుండును. ఇంటిలో దేవతల గుడిని కొండవైపునను, పందులదొడ్డిని కడలివైపునను కట్టుకొందురు.

ఆ కొండలు నిప్పుకొండలు. పడమటి తీరమున మేము నడచిన యిసుక నల్లగా నుండెను. నిప్పుకొండలు క్రక్కిన రాయి నలిగి అట్టి యిసుక యైనది. అచ్చటనే తానా లోత్ అనుచోట సముద్రములోని బండపై నొక కోవెల కలదు. పోటు తీసినపుడు దానికడకు నడచి పోవచ్చును. అలలు బండను కొరికివేయుచుండగా, 1980 తరువాత జపాను ప్రభుత్వపు సాయముతో బాగుచేసిరి. నేడు కనబడు బండలో మూడవవంతు మనుష్యులు కట్టినదే. ఎవరైన చెప్పిననేగాని తెలియదు.

కొండలలో నెత్తయినది అగుంగ్. మూడువేల మీటర్లకు పైబడినది. దాని వాలుపై బెసాకి కోవెలలున్నవి. నల్లని నారతో కప్పిన అంతస్తుల గోపురములను అచ్చట 'మేరు' లందురు. ఆ మాట మనకు క్రొత్త కాదు. 1963లో ఇచ్చట ఏకాదశరుద్రమను మహాయజ్ఞము తలపెట్టిరి. ఫిబ్రవరి 18న కొండ పొగ వెడలగ్రక్కెను. యజ్ఞము మానలేదు. మార్చి 17న కొండ భయంకరముగా ప్రేలెను. మండుచున్న వాయువులును, బూడిదయు వాలువెంట పరుగెత్తి ఊళ్లను కప్పివేసెను. వెయ్యిమందికి పైగా మరణించిరి. పెద్దకోవెల మాత్రము నిలిచెను. అది దేవతల దయ యని కొందరును, అకాలమున యజ్ఞము చేయుటచే కొండ కోపించినదని కొందరును అనిరి. 1979లో ఆ యజ్ఞమును మరల జరిపిరి.

బాతూరు అను మరియొక నిప్పుకొండ 1926లో ఒక యూరిని, దాని కోవెలను పూడ్చివేసెను. ఊరివారు దూరదేశము పోలేదు. పైనున్న గట్టునకెక్కి కోవెలను మరల కట్టుకొనిరి.

ఏల పోలేదు? బూడిద ఏండ్లతరబడి శిథిలమై సారవంతమైన మన్నగును. ఎత్తైన కొండలు మేఘములనాపి వానలు కురిపించును. బాతూరు సరస్సులోని దేవతయే తమ మళ్లకు నీరిచ్చునని రైతుల నమ్మకము. ఆ నీటిని 'సుబాక్' అను రైతుసంఘములు పంచును. మనయూళ్ల చెరువులక్రింద నీరుకట్టువాడు చేయు పనిని అచ్చట రైతులందరును కూడి, కోవెలలో సమావేశమై నిర్ణయింతురు. ఎవరెప్పుడు నాటవలెనో, ఎప్పుడు మడి నెండగట్టవలెనో అందే తేలును.

2017 సెప్టెంబరులో అగుంగ్ క్రింద భూమి మాటిమాటికి కదలగా లక్షమందికి పైగా ఇండ్లు విడిచి శిబిరములకు పోయిరి. నవంబరులో కొండ బూడిద చిమ్మెను. విమానములు కొన్నిదినములు నిలిచిపోయినవి. ఆ నెలలలో పలువురు రైతులు పగటివేళ శిబిరము విడిచి, నిషేధించిన వాలుపైకి పోయి, పశువులకు మేతవేసి, చీకటిపడకముందే దిగివచ్చుచుండిరి.