భాషాబోధన పరిశోధనలో ఉపాధ్యాయుల, అభ్యాసకుల ఎంపిక

సాహిత్యపరిశోధకునకు తాళపత్రములు, శాసనములు మూలసామగ్రి. భాషాబోధనను పరిశోధించువానికి ఆ స్థానమున నిలుచువారు ఉపాధ్యాయులును, అభ్యాసకులును. తాళపత్రము పరిశీలనకు నిరాకరింపజాలదు, మనుష్యుడు నిరాకరింపగలడు. కావున వీరిని ఎట్లు ఎన్నుకొనవలెను, వీరి సమ్మతిని ఎట్లు పొందవలెను అను విషయముపైననే పరిశోధనఫలితముల ప్రామాణ్యము ఆధారపడియున్నది.

ఒక ఉదాహరణము చూడదగును. 2018లో చేసిన చట్టము ననుసరించి తెలంగాణ పాఠశాలలలో తెలుగు నిర్బంధ పాఠ్యవిషయమైనది. 2018-19 విద్యాసంవత్సరమున 1, 6 తరగతులతో దాని అమలు ఆరంభమైనది. హైదరాబాదు నగరమున ఉర్దూ, హిందీ, మరాఠీ, తమిళము మున్నగునవి మాతృభాషలుగా గల బాలబాలికలు ఈ విధముగా తెలుగు తరగతులలోనికి వచ్చిరి. వీరు ‘మనము’, ‘మేము’ అను సర్వనామములను ఎంతవరకు సరిగా ప్రయోగింపగలరో ఒకరు పరీక్షింపదలచినారనుకొందము. శ్రోతను కలుపుకొను రూపము వేరు, విడిచిపెట్టు రూపము వేరు అను భేదము మరాఠీలోను తమిళములోను కలదు. హిందీ, ఉర్దూలలో రెండింటికిని ‘హమ్’ ఒక్కటియే. అందరిని ‘తెలుగేతరులు’ అను ఒకే వర్గముగా చేర్చి సగటు తీసినచో, తప్పునకు కారణము మాతృభాషయో బోధనలోపమో తేలదు. అందుచే అభ్యాసకుని మాతృభాష, ఇంటిలోను వీధిలోను వినబడు భాషలు, తెలుగు చదివిన సంవత్సరములు ముందుగా తెలిసికొని, తరువాతనే వర్గములను ఏర్పరుపవలెను.

రెండవ చిక్కు సులభముగా లభించువారివలన కలుగును. పరిశోధకునకు పరిచయమున్న పాఠశాల, ప్రధానోపాధ్యాయుడు ఏరి చూపిన తరగతి, తమంత తాము ముందుకు వచ్చిన ఉపాధ్యాయులు మొదట దొరకుదురు. తమ బోధనపై నమ్మకము గలవారు ముందుకు వచ్చుటయు, లేనివారు తప్పించుకొనుటయు సహజము. అట్టి తరగతులలో సఫలమైన పద్ధతి అన్నిచోట్లను సఫలమగునని చెప్పుట సాహసము. ప్రభుత్వ పాఠశాలల, ప్రైవేటు పాఠశాలల పట్టికలు వేరువేరుగా సిద్ధపరచి, వానినుండి చీట్లు తీసి ఎన్నుకొనుట మేలు. ఎందరిని అడిగిరో, ఎందరు నిరాకరించిరో కూడ నివేదికలో చూపవలెను.

మూడవది సమ్మతి. ప్రధానోపాధ్యాయుని అనుమతి పాఠశాల తలుపు తెరచును గాని, ఉపాధ్యాయుని సమ్మతికి బదులు కాజాలదు. తన పాఠము రికార్డయి పై అధికారికి చేరునని భయపడు ఉపాధ్యాయుడు ఆ దినమున నిత్యము చెప్పు పాఠము చెప్పడు. పరిశోధకుడు చూచునది ప్రదర్శనము మాత్రమే. పేర్లు వెల్లడింపబడవనియు, రికార్డులు పరిశోధనకు తప్ప మరి దేనికిని ఉపయోగింపబడవనియు, ఎప్పుడైనను విరమింపవచ్చుననియు వ్రాతమూలకముగా తెలుపవలెను. విద్యార్థుల విషయమున, మార్కులు వేయు ఉపాధ్యాయుడే సమ్మతి అడిగినచో వారు కాదనుట కష్టము. అడుగువాడు వేరొకడు కావలెను.

అమెరికాలో 1979లో వెలువడిన బెల్మాంట్ నివేదిక మనుష్యులపై జరుపు పరిశోధనకు వ్యక్తిగౌరవము, హితము, న్యాయము అను మూడు సూత్రములను నిర్దేశించినది. భారతీయ వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన మార్గదర్శకములు తల్లిదండ్రుల సమ్మతితోపాటు 7 మొదలు 18 ఏండ్లవరకు గల పిల్లల అంగీకారమును కూడ కోరుచున్నవి. ఈ మార్గదర్శకములు వైద్య, ఆరోగ్య పరిశోధనలకై ఏర్పడినను, వీని సారము భాషాపరిశోధనకును గ్రహింపదగినది. భాషాపరిశోధనలో మరియొక విశేషము కలదు. తెలుగు నేర్చుకొను పిల్లవాని తల్లి తెలుగు చదువలేకపోవచ్చును. ఆమెకు తెలుగు పత్రము పంపి సంతకము తెప్పించుకొన్నచో అది సమ్మతి కాదు. పత్రము ఆమె చదువగల భాషలో ఉండవలెను; చదువురానివారికి సాక్షి యెదుట చదివి వినిపింపవలెను.

ఇట్టి పరిశోధనలను ఆధారముగా గొని వాచకములు, పరీక్షలు మార్పు చెందవచ్చును. ఎంపికలో చోటు దొరకని పిల్లల కష్టము ఆ వాచకములలోనికి రాదు. పరిశోధకుడు తయారుచేయు మొదటి జాబితాయందే ఆ పిల్లలకు చోటు ఉండవలెను.