హెమిస్‌లో అతిథుల వంతు

లద్దాఖ్‌లోని హెమిస్ మన దేశంలోకెల్లా పెద్ద జాతీయ పార్కు. 1981లో ఏర్పడింది, విస్తీర్ణం సుమారు 4,400 చదరపు కిలోమీటర్లు. అడవి అనగానే మనకు గుర్తొచ్చే చెట్లు అక్కడ తక్కువ. అంతా రాళ్లు, మంచు, వాగుల వెంట కాస్త పచ్చదనం. పార్కు లోపలే రుంబక్ లాంటి ఊళ్లున్నాయి. అక్కడివాళ్లు బార్లీ పండించుకుంటూ, గొర్రెలూ మేకలూ మేపుకుంటూ బతుకుతారు. పర్యాటకులు అంత దూరం వచ్చేది మంచు చిరుత కోసం. ఊరివాళ్లకు మాత్రం అది చాలాకాలం శత్రువే.

కారణం ఉంది. చిరుత ఒక్క గొర్రెను ఎత్తుకుపోతే ఊరు ఓర్చుకునేదేమో. కానీ అది రాత్రిపూట దొడ్డిలోకి దూకిందంటే, పారిపోయే దారిలేక మంద బెదిరి పరుగులు పెడుతుంటే, దాని వేట ఆగదు. తెల్లారేసరికి పదుల కొద్దీ చచ్చిపడి ఉంటాయి. ఆ ఇంటివాళ్లకు వన్యప్రాణి సంరక్షణ గురించి ఏం చెబుతాం?

హోమ్‌స్టేలు రాకముందూ పర్యాటకులు వచ్చేవారు. ఏజెన్సీలు గుడారాలు, సరుకులు, వంటవాళ్లు అన్నీ లద్దాఖ్ ముఖ్య పట్టణం లేహ్ నుంచే తెచ్చేవి. డబ్బు లేహ్‌కే పోయేది, చెత్త ఊరికి మిగిలేది. ఆ డబ్బు ఊరివాళ్లకు దక్కేలా, 2002లో వన్యప్రాణి సంరక్షకుడు రించెన్ వాంగ్‌చుక్, స్నో లెపర్డ్ కన్సర్వెన్సీ అనే సంస్థ కలిసి రుంబక్ లోయలో హోమ్‌స్టేలు మొదలుపెట్టించారు. ఇంట్లో ఒక గది, ఇంటివాళ్లు తినే తిండి, నీళ్లు వాడని పాతకాలపు మరుగుదొడ్డి. నడిపేది ఎక్కువగా ఆడవాళ్లే.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది వంతుల పద్ధతి. అతిథి వస్తే ఈసారి ఎవరి వంతో వాళ్లింటికే వెళ్లాలి. లేకపోతే ఇంగ్లీషు వచ్చిన ఇల్లో, గది బాగున్న ఇల్లో మొత్తం మూటగట్టుకునేది. మిగతావాళ్లకు చిరుత మీద పాత కోపమే మిగిలేది. ఆదాయంలో పదోవంతు ఊరి నిధికి వెళ్తుంది. దొడ్ల పైకప్పులకు ఇనుప జాలీ బిగించే పనీ ఈ ప్రయత్నంతో పాటే సాగింది.

ఇంతటితో చిక్కులు తీరిపోలేదు. ఈ ప్రాంతంలోని స్టోక్ కాంగ్రి శిఖరం ఎక్కేవాళ్లు మరీ ఎక్కువై, తమ తాగునీటికి ముప్పు వచ్చిందని కింది ఊరివాళ్లు మొరపెట్టుకున్నారు. 2020 నుంచి కొన్నేళ్లపాటు ఎవరూ ఎక్కకుండా మూసేశారు. ఏ అతిథి ఏ ఇంట్లో ఉండాలో ఊరు తేల్చుకోగలదు. పర్యాటకుల్ని మోసుకొచ్చే విమానాలు లేహ్‌లో ఎన్ని దిగాలో మాత్రం ఊరిని అడిగేవాళ్లు లేరు.