సిరుల నగరమున శిల్పారామము

గోల్కొండ వజ్రములు గోల్కొండలోనే దొరకినవని మనలో పెక్కండ్రు తలచుచుందురు. ఆ దుర్గమున గనులు లేవు. కృష్ణాతీరమునందలి కొల్లూరు మొదలగు తావులనుండి వచ్చిన రత్నములు అచ్చట క్రయవిక్రయములకు చేరెడివి. 17వ శతాబ్దమున టావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు కొల్లూరునకు పోయి, అచ్చట 60 వేలమంది పనిచేయుచుండిరనియు, పురుషులు త్రవ్విన మన్నును స్త్రీలును బాలురును మోయుచుండిరనియు వ్రాసెను. కోహినూరు పేరెరుగనివారు లేరు. మన్నుమోసిన ఆ తల్లుల పేరొక్కటియు నెవ్వరికిని తెలియదు.

ఆ కోటకు పూర్వము నీరొసగినదని చెప్పబడు దుర్గము చెరువు చెంతనే, మాదాపూరునందు, ఈ కాలపు ధనార్జనకై జనము పరుగులెత్తుచున్నారు. 1998లో సైబర్ టవర్స్ వెలసినది మొదలు ఆ ప్రాంతము హైటెక్ సిటీ యని పేరుగాంచినది. అద్దాల మేడలు ఏ దేశమున చూచినను నొక్కతీరే. సోదరీమణులారా, అచ్చట చూడదగినది వానికంటె ముందే, 1992లో, ఏర్పడిన శిల్పారామము. సుమారు 65 ఎకరముల ఆ యారామమున చేతిపనివారి యంగళ్లును, పల్లెవృత్తులను ప్రతిమలతో చూపు ప్రదర్శనశాలయు కలవు.

అట్టి యంగళ్లలో పోచంపల్లి చీరను చేతబట్టినపుడు ఒక్క నిమిషము నిలిచి చూడవలెను. ఆ పూవు నేసిన పిమ్మట అద్దినది కాదు. నూలును లెక్కప్రకారము కట్టలుగా చేర్చి, రంగు తగులరానిచోట బిగించి కట్టి, రంగున ముంచి, విప్పి, మరల కట్టి వేరొక రంగున ముంచి, అటుపై నేయుదురు. నూలును అట్లు చేర్చుటకు, వరుసగా నాటిన మేకులచుట్టు దారమును త్రిప్పవలెను. దీనినే ఆసుపోయుట యందురు. ఇది తరతరములుగా ఆడువారి పని. ఒక్క చీరకు సుమారు 9 వేల మారులు చేయి కదపవలెను. దినమునకు రెండు చీరలకు పోసినచో ఆ భుజములేమగునో మీరే యూహింపుడు! ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము తల్లి లక్ష్మిగారి బాధ చూడలేక, ఏండ్లతరబడి శ్రమించి, 1999లో ఆసుయంత్రమును నిర్మించి, దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. ఉపాధ్యాయుని యింటనుండి వ్రాయుచున్నను చెప్పక తప్పదు: ఆయన బడిచదువు నడుమనే యాగినది.

పోచంపల్లి పేరు చెప్పి, యంత్రముపై అచ్చొత్తిన బట్టలను అమ్మువారును కలరు. వెల చౌక గనుక మనసు అటే పోవును. కావున ఏ యంగడియందైనను చెరగును త్రిప్పి చూడుడు. పూవు రెండువైపుల సమముగా నుండవలెను. వెనుకవైపు వెలవెలబోయిన నది అచ్చు. పూవు అంచులు కొంచెము చెదరియున్నవని బేరమాడువారిని చూచితిని. కట్టు విప్పినచోట రంగు కొంత నూలున ప్రాకియుండుటచే అట్లగును.