పిల్లల కామెర్లు, రెండు వైరస్‌లు

ఇలా దగ్గరగా కూర్చోండర్రా. వైరస్ అనగానే జలుబూ దగ్గూ అనేస్తారు గానీ, కొన్ని వైరస్‌లు పేగుల్లోనూ కాలేయంలోనూ మంట పెడతాయి. పేగుల నుంచి బయల్దేరిన రక్తం గుండెకి చేరేముందు కాలేయం గుండా పోవాలి. కాలేయానికి అందే రక్తంలో సుమారు ముప్పాతిక వంతు ఆ దారిన వచ్చేదే.

2022 ఏప్రిల్‌లో స్కాట్లండ్ డాక్టర్లకు కంటిమీద కునుకు లేదు. నిక్షేపంగా ఆడుకునే పసివాళ్లు, చాలావరకు ఐదేళ్లలోపు వాళ్లే, వాంతులు, విరేచనాలు, ఆపైన కామెర్లతో ఆసుపత్రికి వస్తున్నారు. ఎ నుంచి ఇ దాకా హెపటైటిస్ వైరస్‌లు ఐదూ వెతికారు. ఒక్కటీ కనపడలేదు. జులై నాటికి 35 దేశాల్లో వెయ్యిమందికి పైగా పిల్లలకు ఇదే జబ్బని తేలింది. 22 మంది చనిపోయారు. ఆ తల్లుల్ని తలచుకుంటే ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటుంది.

అనుమానం మొదట అడినోవైరస్ 41 మీదికి పోయింది. పిల్లలకు విరేచనాలు తెప్పించేవాటిలో అదొకటి. కానీ అది ఎక్కడైనా ఉండేదే, ఆరోగ్యంగా ఉన్న పిల్లల కాలేయం జోలికి సాధారణంగా పోదు. 2023లో గ్లాస్గో, లండన్ పరిశోధకులు చిక్కుముడి చాలావరకు విప్పారు. జబ్బుపడ్డ పిల్లల్లో చాలామందికి ఏఏవీ2 అనే బుల్లి వైరస్ ఉంది. ఇది తనంతట తాను పెరగలేదు, అడినోవైరస్ లాంటిది పక్కన ఉండాలి. పైగా ఆ స్కాట్లండ్ పిల్లల్లో ఎక్కువమందికి ఒకే రకం రోగనిరోధక జన్యువు ఉంది. కాలేయాన్ని దెబ్బతీసింది వైరస్‌కన్నా, దానిమీద విరుచుకుపడ్డ ఒంటి రక్షక కణాలే అయ్యుండాలని వాళ్ల ఆలోచన.

పాలు, గోరువెచ్చదనం, తోడు మూడూ కుదిరితేనే కదా పెరుగు పేరుకునేది? ఇదీ అంతే.

పేగు సంగతీ ఇలాంటిదే. క్రోన్స్ అనే పేగువాపు జబ్బుతో సంబంధమున్న జన్యులోపం ఉన్న ఎలుకల్ని అమెరికాలో సెయింట్ లూయిస్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2010లో ప్రకటించారు. నోరోవైరస్ సోకనంతవరకు వాటి పేగులు బాగానే ఉన్నాయి. సోకాక క్రోన్స్ రోగుల్లో కనపడే మార్పులు వచ్చాయి. లోపం లేని ఎలుకలకు అదే వైరస్ ఆ మార్పులు తేలేదు. ఎలుకలో చూసిందల్లా మనిషికి రుజువు కాదనుకోండి.

పసిపిల్లల కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకి తిరిగినా ఆకు పసరు పోయించడానికి తీసుకెళ్లకండి. ఆ రోజే డాక్టరుకి చూపించి, రక్తపరీక్ష చేయించండి.