వార్తల్లో పదం: రిపీట్ అబ్లేషన్

తప్పెటగుళ్ల బృందంలో ఒక్కడు తాళం తప్పినా చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె పై గదులు తాళమే లేకుండా అదురుతుంటాయి. మణికట్టు మీద వేళ్లు పెడితే నాడి ఒకసారి దగ్గరదగ్గరగా, ఒకసారి ఎడంగా తగులుతుంది.

ఈ అల్లరి చాలామందిలో ఊపిరితిత్తుల నుంచి గుండెకొచ్చే సిరల్లో మొదలవుతుందని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు చూపారు. గజ్జల దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, ఆ సిరల మొదళ్ల చుట్టూ వేడితోనో చలితోనో మచ్చ వేయడమే అబ్లేషన్. మచ్చలో సందు మిగిలితే విద్యుత్తు మళ్లీ దూరుతుంది. రెండోసారి అబ్లేషన్ (రిపీట్ అబ్లేషన్) చేయాల్సి రావడానికి ముఖ్య కారణం అదే.

తొందర మాత్రం కూడదు. అబ్లేషన్ తర్వాత తొలి వారాల్లో వచ్చే దడ, చికిత్స వల్ల వచ్చిన వాపుదీ కావచ్చు. ఒకప్పుడు 3 నెలలు ఆగి చూసేవారు. 2024 అంతర్జాతీయ నిపుణుల ఒప్పంద పత్రం ఆ గడువును 8 వారాలకు కుదించింది.

వంశధార ఒడ్డున శ్రీముఖలింగంలో ఉండే రోగికి ఇలాంటి చికిత్సంటే విశాఖ దాకా ప్రయాణం. బయల్దేరే ముందే అడగాలి: దడ ఈసీజీలో దొరికిందా? దడను తిరగబెట్టే బరువు, బీపీ, నిద్రలో గురక, మద్యం సంగతేమిటి? చిన్ననాటి కీళ్లజ్వరంతో మైట్రల్ కవాటం ఇరుకైన వారికైతే ముందు కవాటం సంగతే చూడాలి.